పదకొండవ సీవీ

ఉద్యోగార్థి సమర్పించే కాగితాలకు పిన్ను ఎడమ మూలన కొట్టవలెనా, కుడి మూలన కొట్టవలెనా అన్న ప్రశ్నకు నాగరిక ప్రపంచం ఇంతవరకు తగినంత శ్రద్ధ చూపలేదు. సామ్రాజ్యాలు ఎందుకు కూలినవో చెప్పగల పండితులు మనకు కొల్లలుగా ఉన్నారు. ఒక సీవీని ఎందుకు ఎవరూ చదవరో చెప్పగలవాడు ఒక్కడు లేడు. ఈ లోటును పూరించడానికి ధర్మవరం వాస్తవ్యుడు, నేతగాడైన కదిరప్పకు ఏకైక పుత్రుడు, ఇంజనీరింగు పట్టభద్రుడు, ఇరవై ఏడేండ్ల రాజేంద్ర తన వంతు పరిశోధన చేసి ఉన్నాడు. చేతికిచ్చిన దరఖాస్తులలో సగానికి ఎడమ మూలన, సగానికి కుడి మూలన పిన్ను కొట్టించి చూశాడు. మెయిలులో పంపినవాటికి ఆ బెడద లేకపోయింది. మొత్తం నూట పన్నెండు. మూడు పద్ధతులకూ వచ్చిన ఫలితం ఒక్కటే, నిశ్శబ్దం.

వద్దు అన్నా అతనికి అభ్యంతరం లేదు. వద్దనడానికైనా అవతల ఒక మనిషి ఉండాలి కదా. ఆ మనిషి ఉన్నాడా లేడా అన్న సందేహమే అతన్ని అరగదీస్తూ వచ్చింది.

కదిరప్ప కఠినుడు కాడు. దసరాలోగా ఏ కంపెనీ అయినా పిలిస్తే సంతోషమే, లేకపోతే ముందుగదిలో రెండో మగ్గానికి గుంత తవ్విస్తానని ఒకే ఒకసారి, అన్నం తింటూ, మామూలు గొంతుతో చెప్పాడు. ఆ పైన చాక్‌పీసు తీసుకొని, నేతగాడు కాళ్ళు దించి కూర్చునే ఆ గుంత కొలతలు నేల మీద గీచాడు. రాజేంద్ర చాప పరచుకొనే చోటు సరిగ్గా ఆ గీతల మధ్యనే ఉంది. మనిషిని కూర్చోబెట్టే ముందు కొలతలు తీసుకోవడం మర్యాదే. దినమూ ఆ మర్యాద మీద పడుకోవడమే అతనికి అలసటగా ఉండేది.

అట్టి దినాలలో అనంతపురంలో ఒక జాబ్ మేళా జరిగింది. బల్ల వెనుక కూర్చున్న అధికారి రాజేంద్ర సీవీని అందుకొని, అంతకుముందు వచ్చిన తొమ్మిదింటితో కలిపి పేకముక్కల్లా విప్పి చూపించాడు. పదింటిలోనూ మొదటి వాక్యం ఒక్కటే. సవాళ్ళతో కూడిన వాతావరణంలో నైపుణ్యాలను వినియోగిస్తూ సంస్థతో పాటు ఎదగడమే నా ఆశయం. ఈ పదిమందిలో నువ్వెవరివయ్యా అని ఆయన అడిగాడు. ఉపనిషత్తులు కూడా ఇంతకంటె సూటిగా అడగలేదు. రాజేంద్ర ఆ పదింటిలోంచి తనది ఏరుకొని బయటపడ్డాడు.

ఆ వాక్యం పుట్టిన చోటు అతనికి తెలుసు. క్లాక్ టవర్ దగ్గరి సందులో ఉన్న కృపా జిరాక్స్ అండ్ డి.టి.పి. అక్కడికి కోపంతో బయలుదేరాడు. ఆ ఎండలో సందు చేరేసరికి కోపం సగం ఆవిరై, దాహం మిగిలింది.

దుకాణంలో జిరాక్సు యంత్రం మూత తెరిచి ఉంది. ఎవరిదో రేషన్ కార్డు నకలు తీస్తున్న అమ్మాయి ముఖం మీదుగా ఆ పచ్చని వెలుతురు ఎడమ నుంచి కుడికి ఒకసారి నడిచి వెళ్ళింది. ప్రబంధ కవులు ఇటువంటి ఘట్టానికి వెన్నెలను వాడేవారు. అనంతపురంలో అందుబాటులో ఉన్నది జిరాక్సు. ఆ ఒక్క నడకలో రాజేంద్ర కనుబొమల మధ్య చెమటనూ, చెవి వెనుక దోపిన పెన్నునూ, ఎవరి వైపూ చూడని రెండు కళ్ళనూ చూశాడు. అడగవలసినది మరిచిపోయి, మళ్ళీ గుర్తు తెచ్చుకున్నాడు.

"నా సీవీలో ఉండే మాటే ఇంకో తొమ్మిది మంది సీవీల్లో ఉండాది," అన్నాడు.

"తొమ్మిదే యాడన్నా, నాలుగేండ్ల నుంచి జిల్లాకంతా అదే," అంది ఆమె, తల తిప్పకుండా. "ఎవురూ ఏమీ అనలే."

"అది రాసిందెవురు?"

"నేనే. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు రాసినా. నాకేం తెలుసు, ఇంతమంది దానికి ఆశపడతారని."

ఆమె పేరు కృపాకుమారి. దుకాణం పేరే ఆమెది, లేదా ఆమె పేరే దుకాణానిది. బత్తలపల్లె నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఒక జిల్లా యువతకంతటికీ ఆశయాన్ని ప్రసాదించిన వ్యక్తి ఎదుట నిలబడి ఉన్నానన్న స్పృహ రాజేంద్రకు కొంచెం ఆలస్యంగా కలిగింది. కోపంలో మిగిలిన సగం కూడా అప్పుడే పోయింది.

కొత్తది తానే రాసిస్తాననీ, అయితే అడిగినదానికల్లా నిజం చెప్పాలనీ కృప షరతు పెట్టింది. గురువారాలు గిరాకీ తక్కువ, ఆ రోజు రమ్మంది. ఆ విధంగా రాజేంద్ర ప్రతి గురువారం ధర్మవరంలో పొద్దున రైలెక్కి, రెండు పుటల కాగితం కోసం తీర్థయాత్రికుని శ్రద్ధతో అనంతపురం రావడం మొదలుపెట్టాడు.

రెండవ ప్రతిలో అభిరుచులు పోయాయి. పాటలు వినని మనిషి ఎక్కడైనా ఉన్నాడా అని ఆమె అడిగింది. మూడవ ప్రతిలో కష్టపడే స్వభావమూ నిజాయితీయూ పోయాయి. అవి ఉన్నవాడు రాసుకోడట. నాలుగవదానిలో తండ్రి వృత్తి, ఐదవదానిలో పాస్‌పోర్టు లేదన్న సమాచారం. ఆరవ ప్రతి నాటికి పేరు, చదువు, మార్కులు, కింద ఫోను నంబరు, మధ్యలో విశాలమైన తెల్లని కాగితం మిగిలాయి. యోగులు జన్మంతా తపించి సాధించే నిరాడంబరత అది. కంపెనీలు దాన్ని కూడా గుర్తించలేదు.

ఏడు, ఎనిమిది ప్రతులకూ అదే గతి పట్టింది. ఎనిమిదవ గురువారం ఆమె కుర్చీ అతని వైపు తిప్పుకొని, చదువు అయినాక నాలుగేండ్లు ఏం చేశావని అడిగింది.

"ఏం చేయలే. ఖాళీగా ఉంటి."

"ఖాళీగా ఉండే మనిషి వేలికి ఆ కాయ ఎట్ల కాసిందన్నా?"

రాజేంద్ర తన చూపుడు వేలిని కొత్తగా చూసినట్లు చూసుకున్నాడు. "ఇదా. ఇది మగ్గంలో. నాయనకు తోడు కూర్చుంటాంటి."

"నాలుగేండ్లా?"

"పదో క్లాసు నుంచి. సెలవుల్లో. చదువయినాక దినామూ."

"మరి ఏం చేయలే అంటివే."

"మగ్గం పనెట్లయితాది?" అన్నాడు రాజేంద్ర, నిజంగానే అర్థం కాక. "అది ఇంట్లో ఉండేదే కదా."

అతడు అబద్ధమాడలేదు. నేతవారి వీధిలో పని అంటే గడప దాటి చేసేది. గడప లోపల చేసేది అన్నం తినడం, స్నానం చేయడం వంటి నిత్యకృత్యాలలో చేరిపోతుంది. ముప్పై ఏండ్లు పట్టు నేసినవాడు కూడా కొడుకు గురించి ఎవరైనా అడిగితే, వాడు ఊరికే ఉన్నాడు, మగ్గంలో కూర్చుంటున్నాడు, అని ఒకే ఊపిరిలో చెబుతాడు. ఆ రెండు ముక్కలూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయన్న అనుమానం ఆ వీధిలో ఎవరికీ రాలేదు.

కృప ఆ రోజు వేరే గిరాకీ తీసుకోలేదు. ఒక్కొక్క మాటే లాగింది. గళ్ళ కాగితం మీద పువ్వు గీయడం వచ్చు. ఆ గీతను చూసి డిజైను అట్టలకు రంధ్రాలు కొట్టించడం వచ్చు. ఆ అట్టలతో నడిచే జాకార్డు యంత్రం మొరాయిస్తే ఏ దారం దగ్గర తప్పిందో శబ్దాన్ని బట్టి చెప్పడం వచ్చు. ఈ మధ్య ఏడు చీరలకు కంప్యూటరులోనే డిజైన్లు చేశాడు. వాటిలో ఒకటి నచ్చి పక్క వీధి ఆంజినప్ప అడిగి తీసుకుపోయి తన మగ్గానికి ఎక్కించుకున్నాడు. ఇవన్నీ ఆమె టైపు చేసి, తొమ్మిదవ ప్రతిగా తీర్చిదిద్ది, గట్టిగా చదివి వినిపించింది. ఆ మనిషెవరో ఒకసారి కలుసుకోవాలని రాజేంద్రకు అనిపించింది.

సరిగ్గా అప్పుడే వాన వచ్చింది. అనంతపురంలో వాన రావడమంటే సందులోని దుకాణదారులందరూ బయటికి వచ్చి తలలెత్తి నిలబడడం. మబ్బు తూర్పు నుంచి మహారాజ లాంఛనాలతో వచ్చి, ఉరిమి, మెరిసి, రేకు మీద లెక్క పెట్టదగినన్ని చినుకులు రాల్చి, ఇంకెక్కడో పనున్నట్లు వెళ్ళిపోయింది. రాజేంద్ర చేతిలోని కాగితం మీద ఒక చినుకు పడింది. చొక్కా మీద మరో రెండు.

"ఏమప్పా, తడిసినావా?" అంది కృప, నవ్వకుండా. ఈసారి ఆమె కళ్ళు తెర వైపు కాక అతని వైపు ఉన్నాయి. అక్కడ కొంచెం ఎక్కువసేపే ఉన్నాయి.

తిరుగు రైలులో రాజేంద్ర కాగితాన్ని గురించి కాక ఆ సంబోధనను గురించి ఆలోచించాడు. ఇన్ని వారాలుగా అన్నా అన్నది. జిరాక్సుకు వచ్చిన తాతను కూడా అన్నా అంటుంది. ఇవాళ అన్న పోయి అప్ప వచ్చాడు. అప్ప ఎవరికీ ఏమీ కాడు; అయినా అన్నకు మూసిన తలుపు అప్పకు మూసి లేదు. ధర్మవరం వచ్చేదాకా ఇంతకంటె ముందుకు పోవడానికి అతనికి ధైర్యం చాలలేదు.

తొమ్మిదవ ప్రతి బెంగళూరులో మగ్గాల డిజైను సాఫ్టువేరు తయారు చేసే ఒక చిన్న కంపెనీకి వెళ్ళింది. ఒక వారం గడిచింది. రెండవది గడిచింది. దసరాకు ఇంకా ఇరవై రోజులు. ఇంట్లో చాక్‌పీసు గీతలు చెరిగిపోతే కదిరప్ప ఓపికగా మళ్ళీ దిద్దాడు.

ఆ గురువారం రాజేంద్ర దుకాణంలో బల్ల మీద కూలబడి, ఇక చాలు, మానేద్దాం అన్నాడు. కృప తొమ్మిదవ ప్రతిని వైద్యుడు రోగిని చూసినట్లు పైనుంచి కిందికి చూసింది. తప్పు దొరకలేదు. ఊరికే, ఏదో ఒకటి చేయాలి కాబట్టి, కింద ఉన్న నంబరుకు తన ఫోనులోంచి చేసింది. అవతల మోగుతోంది. రాజేంద్ర జేబు మోగడం లేదు.

ఆమె అతని జేబు వైపు చూసింది. తరువాత అతని వైపు చూసింది.

"ఇది ఎవురి నంబరు?"

"మా నాయనది."

"నీ సీవీలో మీ నాయన నంబరెందుకు?"

"ఫారాల్లో నాయన నంబరే కదా రాసేది," అన్నాడు రాజేంద్ర. "ఒకటో క్లాసు నుంచి అంతే కదా."

ఆమె కళ్ళు మూసుకొని తెరిచింది. తొమ్మిది ప్రతులలో ఒక్కొక్క అక్షరాన్నీ మార్చిన తానే ఆ పది అంకెలనూ ముట్టుకోలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. పూర్తిగా మోగి మోగి కాల్ ఆగిపోయింది. అర్ధగంట తరువాత ఆమె ఫోను మోగింది. స్పీకరులో పెట్టింది.

"ఎవురమ్మా?" అంది ఒక బొంగురు గొంతు. "ఇందాక పువ్వు సగంలో ఉంటి. ఇప్పుడే గుంతలోంచి లేసినా."

అనంతపురం నుంచి, రాజేంద్ర ఉద్యోగం కాగితాల గురించి చేస్తున్నానని ఆమె చెప్పింది. "పెద్దాయనా, మీకు బెంగళూరు నుంచి ఫోన్లేమైనా వస్తాంటాయా?"

"వస్తాంటాయమ్మా. వారానికి రెండు మూడు వస్తాంటాయి."

రాజేంద్ర బల్ల అంచును పట్టుకున్నాడు.

"మరి ఎత్తరా?"

"పువ్వు సగంలో ఎట్ల లేస్తాం తల్లీ? దారం బిగువు తప్పితే పువ్వు పక్కకు వాలుతాది. చీరంతా పోతాది. అయినాక నేను చేస్తే వాళ్ళు పలకరు. అంత పనుండేవాళ్ళయితే మళ్ళీ చేస్తారులే అనుకుంటి."

కదిరప్ప మాటలో దోషం లేదు. అతని తండ్రీ తాతా పువ్వు ముగియనిదే గుంతలోంచి లేచినవారు కారు. మొదలుపెట్టిన పువ్వును ముగించేదాకా ఇంటికి పెద్దమనుషులు వచ్చినా వేచి ఉండవలసిందే. బెంగళూరుకు ఆ మర్యాద తెలియదు. ఇరవై సెకండ్లు మోగించి, అభ్యర్థికి ఆసక్తి లేదని రాసుకొని, తరువాతి పేరుకు పోతుంది. ఆసక్తి లేని అభ్యర్థి మాత్రం అక్కడ ధర్మవరంలో, అదే గదిలో తండ్రికి దారం అందిస్తూ, లోకం తనకు ఎందుకు జవాబివ్వదని చింతిస్తూ ఉండేవాడు. రింగు వినబడినా అది నాయన ఫోను కదా అని పట్టించుకునేవాడు కాడు.

రాజేంద్ర సంతోషించవలసింది. నూట పన్నెండు మందిలో కొందరైనా పిలిచారు, మనుషులు ఉన్నారు. కాని అతనికి నవ్వు కూడా రాలేదు, అలసటే ఇంకొంచెం లోతుగా దిగింది. కృప మంచినీళ్ళ బాటిలు అతని ముందు పెట్టి, కంప్యూటరు వైపు తిరిగి, నంబరు మార్చి పదవ ప్రతి తీసింది.

అంతటితో వదలలేదు. కదిరప్ప ఫోనులో మిగిలిపోయిన నంబర్లను సాయంత్రం పూట ఆయన చేతనే చదివించి రాసుకునే పని పెట్టుకుంది. ఆయనకు చదవడం నిదానం, ఆమెకు వినడం నిదానం. ఒక్కొక్క నంబరు మధ్య పట్టు ధర, మోకాలి నొప్పి, బత్తలపల్లె బస్సు రద్దీ అన్నీ వచ్చి పోయేవి. పదమూడవ నంబరు మగ్గాల సాఫ్టువేరు కంపెనీది. దానికి రాజేంద్ర చేశాడు. అవతలి మనిషి ఒక ప్రశ్న వేశాడు, పువ్వు ఒక పక్కకు ఎందుకు వాలుతుందని. రాజేంద్ర నలభై నిమిషాలు జవాబు చెప్పాడు.

ఉద్యోగం వచ్చింది. ధర్మవరం దాటిపోవడానికి నూట పన్నెండు దరఖాస్తులు పెట్టిన మనిషిని, ధర్మవరంలోనే ఉండి నేతగాళ్ళకు ఆ సాఫ్టువేరు నేర్పమని కంపెనీ నియమించింది. తల్లి తిప్పమ్మ తడిగుడ్డ పెట్టి ముందుగదిలో గీతలు తుడిచింది. కదిరప్ప గుంతలోంచే చూశాడు. ఆ పువ్వు ముగించి, చేతులు తుడుచుకొని, కొడుకును పిలిచాడు.

"అనంతపురం పిల్ల మొన్నటిదాకా నన్ను పెద్దాయనా అంటాండె," అన్నాడు. "నాలుగు దినాల నుంచి మామా అంటాండాది. నువ్వేమన్నా చెప్పినావా?"

"లేదు నాయనా. నేనేం చెప్పలే."

"మరి నేనేమని పలకాల?"

రాజేంద్ర గోడ వైపు చూశాడు. తిప్పమ్మ తుడిచిన చోటనే ఇంకా తుడుస్తూ, వాళ్ళది వేరే దేవుడంట కదా అంది. కదిరప్ప ఆమె చేతిలోని తడిగుడ్డ తీసి పక్కన పెట్టాడు.

"దేవుని సంగతి నాకు తెలీదు గానీ, ఆ పిల్ల ఫోన్ చేస్తే నేను పువ్వు సగంలో ఉన్నా లేస్తాండా," అన్నాడు. నేతవారి వీధి చరిత్రలో ఇంతకంటె పెద్ద సమ్మతి నమోదు కాలేదు.

గురువారం రాజేంద్ర మళ్ళీ రైలెక్కాడు. ఉద్యోగం వచ్చినవానికి సీవీ అవసరం లేదన్నది దారి పొడవునా అతనికి తెలుసు. దుకాణంలో కృప కూడా అదే అడిగింది, ఉద్యోగం వచ్చినాక ఇంకేం సీవీ అని.

"ఇంకొకటి కావాల. పెండ్లి బయోడేటా."

ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. "ఎవురికి పంపాల?"

"మీ నాయనకు."

జిరాక్సు యంత్రం వేడెక్కి గురగురలాడుతోంది. కృప కొత్త పుట తెరిచింది. ముఖం తెర వైపే ఉంది. చెవి మాత్రం, పెన్ను దోపిన చెవి, ఎర్రబడింది.

"మా నాయన సంగతి తెలుసుకో ముందు," అంది. "లైన్‌మన్ పనిలో స్తంభాలతోనే ఉండి ఉండి ఆయన మాటలు మానేసినాడు. నాకు మూడు సంబంధాలొచ్చినాయి. అవునని చెప్పలే, కాదని చెప్పలే. వాళ్ళే అలిసిపోయి వేరేవాళ్ళను చేసుకునిరి."

అంటే మళ్ళీ అదే. జవాబివ్వని మనిషి. రాజేంద్ర బల్ల మీద కూర్చున్నాడు. ఈ జబ్బు తనకు అలవాటేనన్నాడు.

ఆమె టైపు చేయసాగింది. పేరు, వయసు, చదువు. నక్షత్రం గడి తీసేసింది. గోత్రం తీసేసింది. మతం దగ్గర కర్సరు ఆగి, కొట్టుకుంటూ నిలబడింది.

"ఇక్కడేం రాయాల?"

"ఉండేది ఉన్నట్లు రాయి. కింద డిక్లరేషన్ ఉండాది కదా, అంతా నిజమని."

రాసింది. ఫోను నంబరు దగ్గర అడగకుండానే అతని నంబరు వేసింది. అంతా అయ్యాక, పెండ్లి బయోడేటాలో ఆశయం ఉండదని చెప్పి ముగించబోయింది. రాజేంద్ర, పెట్టమన్నాడు.

"ఏమని?"

ఈ వాక్యానికి నమూనా లేదు.

"ప్రతి బేస్తవారం అనంతపురం రావాల," అన్నాడు. "అంతే."

కృప ఆ మాటను అట్లాగే కొట్టింది. అక్షరం దిద్దలేదు. అప్పుడు తిరిగి, తలెత్తి, తెరలో కాకుండా నేరుగా అతన్ని చూసింది. "సంస్థతో పాటు ఎదిగేదానికంటే ఇది మేలే," అంది. "నీకెంత భయమో నాకూ అంతే ఉండాది రాజేంద్రా. అయినా పంపేది నేనే."

ఎదురుగా నిలబడి అడిగితే కృప తండ్రి జాకబ్ లేచి పెరట్లోకి పోతాడు. క్రిస్మస్‌కు కూతురు కొనిచ్చిన ఫోనులో వచ్చినదైతే తప్పకుండా చూస్తాడు. కనుక వాట్సాప్‌లో పంపింది. టిక్కులు రెండయ్యాయి. నీలమయ్యాయి. దుకాణంలో ఇద్దరూ ఒకే బల్ల మీద, ఒకే ఫోను ముందు, కోర్టు తీర్పుకు కూర్చున్నట్లు కూర్చున్నారు. ఒక ముసలాయన ఆధార్ జిరాక్సుకు వచ్చి, వాళ్ళ ముఖాలు చూసి, తరువాత వస్తానని వెళ్ళిపోయాడు. పావుగంట గడిచింది. రాజేంద్రకు ఆ నిశ్శబ్దం బాగా ఎరిగినదే, నూట పన్నెండుసార్లు విన్నది. అయితే ఈసారి దాన్ని వినడానికి పక్కన ఇంకొకరు ఉన్నారు, ఆమె చిటికెన వేలు అతని కాయ కాసిన వేలికి తగిలి ఉంది.

ఫోను కిర్రుమంది. జాకబ్ జవాబిచ్చాడు. అక్షరాలు లేవు. పసుపుపచ్చని బొటనవేలు ఒకటి, నిటారుగా, సమ్మతి ధ్వజంలా తెర మీద నిలిచి ఉంది. కృప నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఏ సవాళ్ళూ, ఏ వాతావరణమూ లేకుండా, ఒక మనిషి తనను చూసి సరే అన్నాడని రాజేంద్రకు తెలిసిన క్షణం అది. ఇన్ని నెలల అలసట అతని భుజాల మీదనుంచి దిగి, సందులోకి, ఎండలోకి నడిచి వెళ్ళిపోయింది. ఆ బొటనవేలిని అతను మందిరంలో విగ్రహాన్ని చూసినట్లు చూశాడు.

అదే ఉదయం, బత్తలపల్లె చర్చి గ్రూపులో ఒక పెద్దాయన చనిపోయినట్లు వచ్చిన వార్తకు కూడా జాకబ్ పంపినది ఆ బొటనవేలే.